పాటల వరస మార్చేముందు పాత అలమారా తెరవండి: నగర రేడియో కేంద్రాలు నడిపేవారికి బహిరంగ లేఖ

నగర రేడియో కేంద్రాల సంచాలకులకు, కార్యక్రమ అధికారులకు, ఇంజనీర్లకు, ప్రైవేటు ఎఫ్‌ఎం స్టేషన్ల సంగీత విభాగాల వారికి

నమస్కారం.

నగరంలో రేడియో ఏ కాలంలో ఏ పాటలు వినిపించింది, అవి ఎందుకు మారాయి అన్నది తేల్చడానికి పాత క్యూ షీట్లు (ఏ రోజు ఏ పాట ఎవరు పాడారో రాసిన కాగితాలు), స్పూల్ టేపుల (చక్రానికి చుట్టిన పాత రికార్డింగ్ టేపుల) జాబితా చూడనివ్వమని ఒక కేంద్రానికి విన్నపం ఇచ్చి చాలాకాలమైంది. అందినట్టు ముద్ర వేసి ఇచ్చారు. జవాబు మాత్రం రాలేదు. మళ్లీ అడిగినా అంతే. ఆ కేంద్రం పేరు ఇక్కడ రాయడం లేదు, ఎందుకంటే ఈ జబ్బు ఒక్కచోటిది కాదు. పాటల తీరు మారిన ప్రతిసారీ అంతకుముందు తీరు తాలూకు కాగితాలు, టేపులు, ఫైళ్లు ఎవరికీ అక్కరలేనివైపోతున్నాయి. అందుకే ఈ లేఖ అందరికీ రాస్తున్నాం. ఉదాహరణకు హైదరాబాద్‌నే తీసుకుంటాం, ఇన్ని మలుపులు తిరిగిన నగర రేడియో తెలుగునాట మరొకటి లేదు కనుక.

దక్కన్ రేడియో 1930లలో మొదలైంది. 1935లో నిజాం ప్రభుత్వం దాన్ని తన చేతుల్లోకి తీసుకుంది. పాలన ఉర్దూలో సాగేది కనుక ముందు వరసలో గజలూ కవ్వాలీ ఉండేవి. తెలుగు, మరాఠీ, కన్నడాలకు విడివిడిగా వేళలుండేవి. గాయకుడు మైకు ముందు కూర్చుని పాడితే ఆ గొంతు నేరుగా గాలిలోకి వెళ్లేది. గ్రామఫోను రికార్డు వేసినా ఒక వైపు మూడు నిమిషాల పైచిలుకే. కాబట్టి ఆ కాలం గురించి చెప్పగలిగే సాక్ష్యం అచ్చయిన కార్యక్రమ పట్టికలే తప్ప పెద్దగా మరేమీ లేదు.

1950 ఏప్రిల్ 1న ఆ కేంద్రం ఆకాశవాణిలో కలిసింది. దాంతో ఆకాశవాణి నియమాలన్నీ వెంట వచ్చాయి. వాటిలో ఒకటి హార్మోనియం నిషేధం. 1940 మార్చి నుంచి ఆకాశవాణి స్టూడియోల్లో ఆ పెట్టెకు చోటు లేదు, సడలింపు 1970లలో గానీ మొదలవలేదు. ఆ తరం లలిత గీతాల్లో గొంతు వెనక వయొలిన్, వీణ, వేణువు, తంబూరా వినిపిస్తాయే గానీ హార్మోనియం వినిపించకపోవడానికి కారణం ఇదే. అది స్వరకర్త అభిరుచి అనుకుంటే పొరపాటు. పాట వెనక ఉన్న నియమం తెలియకపోతే పాటను కూడా తప్పుగా అర్థం చేసుకుంటాం.

1952లో బి.వి. కేస్కర్ సమాచార, ప్రసారశాఖ మంత్రి అయ్యారు. సినిమా పాటకు కోత పడింది. నిర్మాతలతో పేచీ ముదిరి ఆకాశవాణిలో సినిమా పాట దాదాపు మాయమైంది. శ్రోత ఊరుకుంటాడా? ముల్లు రేడియో సిలోను వైపు తిప్పాడు. అక్కడ హిందీతో పాటు తెలుగు సినిమా పాటలూ వచ్చేవి. ఆ ఖాళీని పూడ్చడానికి ఆకాశవాణి సొంతంగా పాటలు చేయించింది. కవి చేత రాయించి, కేంద్రంలోనే కొలువు చేసే నిలయ విద్వాంసుల చేత వరస కట్టించి, ఆడిషన్‌లో నెగ్గి బి, బి హై, ఏ గ్రేడులు పొందినవారి చేత పాడించింది. తెలుగులో లలిత సంగీతానికి పెద్ద ఊపు అక్కడే వచ్చింది. హైదరాబాద్‌లో పాలగుమ్మి విశ్వనాథం, మహాభాష్యం చిత్తరంజన్ గార్లు చేసిన పని ఆ కోవలోదే. కృష్ణశాస్త్రి, దాశరథి వంటి కవులు ఆకాశవాణి కొలువులోనే ఉన్నారు. అటు 1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ కేంద్రంలో బాలాంత్రపు రజనీకాంతరావు గారి చేతుల మీదుగా భక్తిగీతాల కార్యక్రమం ‘భక్తిరంజని’ ఇంటింటి పొద్దుటి అలవాటైంది. ఓలేటి వెంకటేశ్వర్లు గారి ‘సంగీత శిక్షణ’ విని ఇంట్లో కూర్చునే పాట నేర్చుకున్నవాళ్లు ఊరూరా ఉన్నారు. ఒక మంత్రిగారి పట్టుదల మంచిదా చెడ్డదా అని ఇప్పటికీ వాదించవచ్చు. ఆ పట్టుదల నీడలో పుట్టిన పాటలు మాత్రం బంగారం. వాటిలో చాలాభాగానికి గ్రామఫోను రికార్డు లేదు, క్యాసెట్ లేదు. ఉంటే రేడియో కేంద్రం టేపులోనే ఉండాలి.

1957 అక్టోబరు 3న వివిధ భారతి వచ్చి సినిమా పాటను తిరిగి ఇంటికి తెచ్చింది. 1967 నుంచి దానిలో వాణిజ్య ప్రకటనలకు తలుపు తెరిచారు. ప్రకటనకు సెకన్ల లెక్క ఉంటుంది. అది కుదరడానికి చరణం మధ్యలో పాట ఆపడం మెల్లగా మొదలై, అలవాటుగా మారింది. తర్వాత ఎఫ్‌ఎం వచ్చింది. 101.9 మెగాహెర్ట్జ్‌లో ఆకాశవాణి వారి రెయిన్‌బో, 102.8లో వివిధ భారతి, 738 కిలోహెర్ట్జ్ మీడియం వేవ్‌లో పాత కేంద్రం. 2006 నుంచి ప్రైవేటు ఎఫ్‌ఎంలు. ఆ స్టేషన్లలో ఏ పాట ఎప్పుడు వేయాలో కంప్యూటర్ తేలుస్తుంది. ఇది ఎలా పనిచేస్తుందో చూడండి. కొత్త హిట్లు 20 ఒక వర్గంలో పెట్టి, గంటకు 5 చొప్పున తీసుకోమంటే ప్రతి పాట 4 గంటలకోసారి తిరిగి వస్తుంది. అంటే రోజుకు 6 సార్లు, వారానికి 42 సార్లు. ఆ వర్గంలో లేని పాట ఎంత గొప్పదైనా ఆ స్టేషన్‌కు లేనట్టే. వర్గాల అమరిక మారిన రోజున పాత అమరిక మీద కొత్తది ఎక్కుతుంది, పాతది ఎక్కడా మిగలదు.

ఇన్ని మార్పులు జరిగాయి కదా, వీటి వల్ల మామూలు జనానికి ఏమైందో వరసగా చెబుతాం.

1. పాట రాసినవారి పేరు పోయింది. వివిధ భారతి అనౌన్సర్ చిత్రం పేరు, రచయిత, సంగీత దర్శకుడు, గాయనీ గాయకుల పేర్లు చెప్పాకే పాట వేసేవారు. బడి మొహం చూడని శ్రోతకు కూడా ఫలానా పాట ఆత్రేయది, ఫలానాది ఆరుద్రది అని నోటికి వచ్చేది అందుకే. ఇప్పుడు ఎఫ్‌ఎంలో హీరో పేరు చెబితే గొప్ప. ఇది మర్యాదకు సంబంధించిన మాట మాత్రమే కాదు. కాపీరైటు చట్టానికి 2012లో చేర్చిన 31డి సెక్షన్ కింద పాటలు వాడుకునే ప్రసార సంస్థ రచయితల పేర్లు, ముఖ్య కళాకారుల పేర్లు ప్రసారంతో పాటు చెప్పాలని చట్టంలోనే రాసి ఉంది.

2. పాడినవారికి రుజువు లేదు. ఒక గాయని ఇరవై ఏళ్లు కేంద్రంలో పాడినా, తేదీ, పాట, నిడివి, వాద్య సహకారం ఎవరిది అన్నది క్యూ షీటులో, కాంట్రాక్టు కాగితంలోనే ఉంటుంది. ఆ కాగితం చెదలకు పోతే కళాకారుల పింఛనుకు దరఖాస్తు పెట్టే వేళ ఆమె చేతిలో ఏమీ ఉండదు. తబలా, మృదంగం, వేణువు వాయించినవారి సంగతి ఇంకా అన్యాయం. వారి పేరు ఒకప్పుడు కూడా ఆ కాగితం దాటి బయటికి రాలేదు.

3. నగరం తన గొంతు తాను మరచిపోతోంది. హైదరాబాద్ రేడియో కథలో ఉర్దూ గజలూ ఉంది, తెలంగాణ పల్లె పాటా ఉంది, లలిత గీతమూ ఉంది. సాక్ష్యాలు చేతికి అందకపోవడంతో ఇప్పుడు రాసేవారు సినిమా పాటల చరిత్రనే రేడియో చరిత్రగా రాసేస్తున్నారు.

4. పెద్దవాళ్లు, చూపు లేనివాళ్లు, ఒంటరిగా ఉండేవాళ్లు రేడియోను గడియారంలా వాడతారు. భక్తిరంజని అయ్యాక మందు, వార్తలయ్యాక కాఫీ. చెప్పాపెట్టకుండా కార్యక్రమం వేళ మార్చినా, మీడియం వేవ్ నుంచి తీసేసి ఫోన్‌లో వినమన్నా ఆ ఇంటి దినచర్యే తారుమారవుతుంది. కొత్త వేళ ఏమిటో చెప్పేవారు ఉండరు. కార్యక్రమాల వివరాలు ముందుగా అచ్చువేసిన ‘వాణి’ పత్రిక ఆగిపోయాక ఆ చోటు నింపింది మరొకటి రాలేదు.

5. సంగీతం నేర్చుకునే పిల్లలకు పాఠం పోయింది. అంతర్జాలంలో దొరికే పాత రేడియో పాటలు చాలావరకు ఎవరో ఇంట్లో క్యాసెట్లో పట్టుకున్నవి. క్యాసెట్ వేగం కాస్త అటూఇటూ అయినా శ్రుతి మారుతుంది. ఆ శ్రుతే అసలుదనుకుని పిల్లలు సాధన చేస్తున్నారు.

ఇక స్పూళ్ల సంగతి. ఇది అన్నింటికన్నా తొందరైన పని కనుక కాస్త వివరంగా రాస్తున్నాం.

పావు అంగుళం వెడల్పు టేపు, 7 అంగుళాల స్పూల్, 1200 అడుగులు. సెకనుకు 7½ అంగుళాల వేగంతో 32 నిమిషాలు. ఈ టేపుల్లో రెండు జాతులున్నాయి, రెండింటి చావూ వేరు. స్పూలును కిటికీ వెలుగుకు ఎదురుగా పట్టుకోండి. చుట్టలోంచి వెలుగు కాస్త కనిపిస్తే ఎసిటేట్. నల్లగా అడ్డుకుంటే పోలియెస్టర్. ఎసిటేట్ పాతబడితే వెనిగర్ వాసన వేస్తుంది, అంచులు వంకర తిరుగుతాయి, లాగితే పుటుక్కున తెగుతుంది. ఆ ఆవిరి పక్క స్పూళ్లను కూడా పాడుచేస్తుంది. అందుకే వాసన వేస్తున్న స్పూలును ఆ రోజే వేరే గదిలో పెట్టాలి. పోలియెస్టర్ అయితే, ముఖ్యంగా 1970లు, 80ల నాటి నల్ల వీపు టేపుల్లో, పూతను అంటిపెట్టే జిగురు గాలిలోని తేమ పీల్చి బంకగా మారుతుంది. యంత్రం మీద పెడితే కీచుమని అరుస్తుంది, టేపును చదివే హెడ్ మీద గోధుమరంగు మడ్డి పేరుకుంటుంది. అరుపు వినగానే ఆపాలి. బలవంతంగా తిప్పితే పాట పూతతో సహా రాలిపోతుంది. అలాంటి టేపును ఉష్ణోగ్రత కచ్చితంగా నిలబడే ప్రయోగశాల ఓవెన్‌లో 50 నుంచి 54 డిగ్రీల మధ్య ఎనిమిది గంటలకు తక్కువ కాకుండా వేడిచేసి, పూర్తిగా చల్లారాక, కొద్దివారాల్లోపే కాపీ చేసుకోవాలి. ఎసిటేట్‌ను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వేడిచేయకూడదు. ఈ రెండింటి తేడా తెలియనివారి చేతికి అలమారా తాళం ఇవ్వవద్దని మా ప్రార్థన.

మిగతా జాగ్రత్తలు చిన్నవి, కానీ వాటిలో ఏది తప్పినా పని పాడవుతుంది. పాత అతుకుల జిగురు ఎండి ఊడిపోతుంది, కాబట్టి ప్లే చేసేముందు ప్రతి అతుకూ మళ్లీ వేయాలి. టేపును వేగంగా వెనక్కి చుట్టి దాచకూడదు. ప్లే చేసిన వేగంలోనే చుట్టుకున్న కొసను అలాగే వదిలి పెట్టెలో పెట్టాలి. లేకపోతే ఒక చుట్టులోని పాట పక్క చుట్టులోకి అచ్చుపడి, పల్లవికి ముందే దాని నీడ సన్నగా వినిపిస్తుంది. ప్రతి స్పూలుకూ హెడ్ కోణం చెవితో విని సరిచేయాలి. అది కుదరకపోతే సకారాలు, తాళాల మోత మొద్దుబారిపోతాయి. తర్వాత కంప్యూటర్లో ఎంత సవరించినా అవి తిరిగి రావు.

ఖర్చు, స్థలం అని సాకు చెప్పడానికి కూడా వీల్లేదు. 96 కిలోహెర్ట్జ్, 24 బిట్ నాణ్యతతో ఒక గంట మోనో రికార్డింగ్‌కు పట్టేది ఒక గిగాబైట్ పైచిలుకు. వెయ్యి స్పూళ్లంటే దాదాపు 533 గంటలు, అదంతా ఒక టెరాబైట్ డిస్కులో సగం చోటుకు కొంచెం ఎక్కువ. శుభ్రం చేయడం, హెడ్ సరిచేయడం, వివరాలు రాసుకోవడం కలిపి స్పూలుకు గంటన్నర వేసుకుంటే ఒక మనిషి, ఒక యంత్రం రోజుకు 5 చేయవచ్చు. వెయ్యి స్పూళ్లకు 200 పనిదినాలు. దొరకనిది యంత్రమూ, దాన్ని నడపగల మనిషీ. స్పూల్ యంత్రాల విడిభాగాలు, ముఖ్యంగా రబ్బరు చక్రాలు, హెడ్లు, ఏటేటా అరుదవుతున్నాయి. వాటిని బాగుచేయడం తెలిసిన ఇంజనీర్లు రిటైరవుతున్నారు.

కాబట్టి అడిగేవి ఇవి.

1. 90 రోజుల్లో ప్రతి కేంద్రం తన దగ్గరున్న స్పూళ్లు, డిస్కులు, క్యూ షీట్లు, లాగ్‌బుక్కులు, ఫిక్స్‌డ్ పాయింట్ చార్టుల (ఏ వేళకు ఏ కార్యక్రమమో చూపే పట్టికల) జాబితా చేసి బయటపెట్టాలి. మొదటి విడతలో వినాల్సిన పని లేదు. పెట్టె మీద రాసి ఉన్నది ఉన్నట్టు ఎక్కించండి, చదవలేని చోట ‘చదవలేం’ అని రాయండి. టేపు జాతి, వాసన, అంచుల స్థితి మూడు గడుల్లో నింపితే చాలు.

2. జాబితా పూర్తయ్యేదాకా ఒక్క స్పూలు చెరిపి మళ్లీ వాడకూడదు, ఒక్క రిజిస్టరు తూకానికి వేయకూడదు. ప్రభుత్వ కేంద్రాలకు ఇది దయాదాక్షిణ్యాల విషయం కాదు. 1993 నాటి పబ్లిక్ రికార్డ్స్ చట్టం ప్రకారం నిర్దేశించిన పద్ధతిలో తప్ప రికార్డులు నాశనం చేయకూడదు. ఆ చట్టం చట్టబద్ధ కార్పొరేషన్లకూ వర్తిస్తుంది. ఆకాశవాణిని నడిపే ప్రసారభారతికి సంబంధించిన చట్టం 12వ సెక్షన్ రేడియో సామగ్రికి గ్రంథాలయాలు ఏర్పాటు చేసి నడపడం ఆ సంస్థ పనుల్లో ఒకటిగా చెబుతోంది.

3. కాపీ చేసే వరస ఇలా ఉండాలి. ముందు వెనిగర్ వాసన వేసే ఎసిటేట్, తర్వాత కీచుమనే పోలియెస్టర్, ఆ తర్వాత బయట ఎక్కడా దొరకని లలిత గీతాలు, జానపదాలు, ఉర్దూ సంగీతం. సినిమా పాటలు చివరికి, ఎందుకంటే అవి రికార్డుల మీద ఉన్నాయి. పేరున్న గాయకులతో మొదలుపెట్టి ప్రారంభోత్సవం జరిపి ఆపేయడం మాత్రం వద్దు.

4. ప్రతి ఫైలుకూ మూడు ప్రతులు, వాటిలో ఒకటి వేరే ఊళ్లో. ప్రతిదానికీ చెక్‌సమ్ (ఫైలు పాడైందో లేదో పట్టిచ్చే గుర్తు) రాసి, ఏడాదికోసారి సరిపోల్చాలి. సవరించని అసలు కాపీని విడిగా ఉంచండి. గరగర తీసేయబోయి తంబూరా నాదం కూడా తీసేసిన ఫైళ్లు ఇప్పటికే చాలా తిరుగుతున్నాయి.

5. రిటైరైన అనౌన్సర్లను, నిలయ విద్వాంసులను నెలకు రెండు పూటలు పిలిచి, రోజుభత్యం ఇచ్చి, గొంతులు గుర్తుపట్టించండి. ‘స్త్రీ గళం, లలిత గీతం’ అని మాత్రమే రాసి ఉన్న పెట్టె ముందు కూర్చుని మొదటి ఆలాపనకే పేరు చెప్పగలిగినవారు ఇంకా ఉన్నారు. అందరికన్నా ముందు వీరిని పిలవండి, స్పూళ్లయినా కొన్నాళ్లు ఆగుతాయేమో.

6. పాటల తీరు గానీ, కార్యక్రమం వేళ గానీ, తరంగం గానీ మార్చేముందు 60 రోజుల నోటీసు ఇవ్వాలి. ఆ స్టేషన్లోనే రోజుకు మూడుసార్లు చదవాలి. అప్పటిదాకా నడిచిన పట్టికను తేదీతో సహా భద్రపరచాకే కొత్త పట్టిక అమల్లోకి రావాలి.

7. ప్రైవేటు స్టేషన్ల వారు పాటల లాగ్‌ను నెలనెలా మామూలు టెక్స్ట్ ఫైలుగా దించి దాచాలి. తేదీ, వేళ, పాట, రచయిత, స్వరకర్త, గాయకులు, ఏ వర్గంలోంచి వచ్చింది, ఈ ఏడు గడులు చాలు. సాఫ్ట్‌వేర్ మార్చినా, స్టేషన్ చేతులు మారినా ఆ ఫైలు తెరుచుకుంటుంది. వ్యాపార రహస్యమనుకుంటే ఐదేళ్లు ఆగి బయటపెట్టండి.

8. పాటకు ముందో వెనకో రచయిత, స్వరకర్త, గాయకుల పేర్లు చెప్పాలి. దీనికి పట్టేది 8 సెకన్లు. గంటకు 10 పాటలైతే 80 సెకన్లు.

9. హక్కుల చిక్కు ఉందని మొత్తానికే తాళం వేయవద్దు. ఎప్పటి రికార్డింగుకు ఏ హక్కు మిగిలి ఉందో జాబితాలో ఒక గడి పెట్టండి. సౌండ్ రికార్డింగ్ హక్కు 60 ఏళ్లు, సాహిత్యం మీద హక్కు కవి తదనంతరం 60 ఏళ్లు. హక్కు ఉన్నవాటిని కేంద్రంలోనే కూర్చుని వినే ఏర్పాటు చేయండి. ఒక గది, రెండు కంప్యూటర్లు, నాలుగు హెడ్‌ఫోన్లు చాలు.

ఈ పనుల్లో మూడింటికి మేము మనుషులను ఇవ్వగలం. పెట్టెల మీది చేతిరాత చదివి ఎక్కించడానికి, క్యూ షీట్లు ఫొటోలు తీయడానికి, గొంతులు గుర్తుపట్టేవారిని ఇంటి నుంచి తీసుకొచ్చి మళ్లీ దిగబెట్టడానికి. జీతం అడగం. మీ ఉద్యోగి ఎదురుగా కూర్చునే పనిచేస్తాం, ఒక్క కాగితం గడప దాటదు. కావలసింది రెండు బల్లలు, ఫ్యాను తిరిగే గది, అలమారా తాళం ఎవరి దగ్గరుందో ఆ అధికారి సంతకం. వానలు మొదలైతే గోడలు చెమ్మగిల్లి పెట్టెలకు బూజు పడుతుంది, కాబట్టి జూన్‌లోపు తేదీ చెప్పండి.

ఇట్లు,
నగర రేడియో పాటల చరిత్ర కోసం పనిచేస్తున్న శ్రోతలు, పరిశోధకులు